ఆపద రోజు హెచ్‌ఎం గది తలుపు

దేవరకొండ రోడ్డు మీద ఒక ఊరి ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం చెప్పే రోజులు. మధ్యాహ్న భోజనం అయిపోయి పాఠం మొదలైంది. ఏడో తరగతి అమ్మాయి ఒకతె కడుపు పట్టుకుని లేచింది. గుమ్మం దాకా కూడా పోలేకపోయింది. ఆమెను పట్టుకుని వరండాలోకి తెచ్చేసరికి పక్క గదిలోంచి ఇంకో ఇద్దరు వచ్చారు. పావుగంటలో పదకొండు మంది అయ్యారు. వేపచెట్టు కింద పట్టా పరిచి అందరినీ పడుకోబెట్టాం.

హెచ్‌ఎం సారు, అంటే మా ప్రధానోపాధ్యాయుడు, ఒకసారి బయటికొచ్చి చూశారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఫోన్లో మాట్లాడుతున్న చప్పుడు వినిపిస్తోంది, మాటలు వినిపించడం లేదు. బయట మేం ఎనిమిది మంది టీచర్లం. ఎవరు ఏం చేయాలో చెప్పేవాళ్ళు లేరు. పీఈటీ సారు తనంతట తానే 108కి ఫోన్ కొట్టాడు. లెక్కల సారు బిందెలో ఉప్పూ చక్కెరా కలిపాడు. హిందీ మేడం పిల్లల ఇళ్ళకు ఫోన్లు మొదలుపెట్టింది. ఇరవై నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చింది సారు కాదు, అటెండర్. చేతిలో సర్క్యులర్ పుస్తకం ఉంది. ‘ఈరోజు జరిగిన సంఘటన గురించి సిబ్బంది ఎవరూ బయటి వ్యక్తులతో మాట్లాడరాదు.’ కింద వరసగా మా పేర్లు, పక్కన సంతకానికి జాగా. నా ఒళ్ళో ఒక పిల్ల తల పెట్టుకుని పడుకుంది. ఆ తలను మెల్లగా పక్కకు జరిపి నేను సంతకం పెట్టాను.

పిల్లలందరూ మర్నాడు సాయంత్రానికల్లా కోలుకుని దవాఖాన నుంచి ఇళ్ళకు చేరారు. ఎంక్వయిరీ జరిగింది, రిపోర్టు పోయింది, ఆ సంగతి అందరూ మరిచిపోయారు. నేను మాత్రం ఆ సంతకాన్ని మరిచిపోలేకపోయాను. బడికి ఆపద వచ్చిన రోజు హెచ్‌ఎం నోటి నుంచి మొదటి మాట సొంత సిబ్బందికే రావాలని నేను ఇన్నేళ్ళుగా వాదిస్తున్నది ఆ సంతకం వల్లే. మండల విద్యాధికారి (ఎంఈఓ)కి ఫోన్ చేయాల్సిందే, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకు రిపోర్టు పంపాల్సిందే. కానీ అంతకు ముందు, రెండు నిమిషాలైనా సరే, మన మనుషుల మధ్య నిలబడి మాట్లాడాలి.

ఎందుకో చెప్తాను. ఆ తలుపు మూసి ఉన్న ఇరవై నిమిషాల్లో హిందీ మేడం ఒక తల్లికి ‘ఎండకు తట్టుకోలేక కావచ్చమ్మా’ అని చెప్పింది. అదే తల్లి పరుగున గేటు దగ్గరికి వస్తే లెక్కల సారు ‘తిన్నది పడలేదనుకుంటా’ అన్నాడు. గోడ దూకి ఇంటికి పోయిన తొమ్మిదో తరగతి పిల్లవాడు ‘సాంబార్ల బల్లి పడ్డది’ అని చెప్పాడు. మూడు గంటలు కొట్టేసరికి ఊళ్ళో ఇద్దరు పిల్లలు చచ్చిపోయారని పుకారు పుట్టింది. ట్రాక్టర్ల మీద, బండ్ల మీద జనం దిగారు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఆ తల్లి మాత్రం మా ఇద్దరు టీచర్ల ముఖాలు మార్చి మార్చి చూసి, ‘మీరే ఒక్క మాట మీద లేరు. ఏం దాస్తుండ్రు సారూ?’ అని అడిగింది. మేం ఏమీ దాచలేదు. దాచడానికి మాకు తెలిసిందేమైనా ఉంటే కదా.

ఆ కోపం చివరికి వంట చేసే అక్క మీదికి మళ్ళింది. ఆమె వంటగదిలో గడియ పెట్టుకుని మూలకు కూర్చుంది. పోలీసులు వచ్చేదాకా ఆ తలుపు తీయలేదు. ఆ పూట మా బడిలో అలా రెండు తలుపులు మూసుకున్నాయి. ఒకటి పై అధికారుల భయంతో, ఒకటి ఊరి భయంతో. రెండింటి మధ్య ఎనిమిది మందిమి చేతులు కట్టేసినట్టు నిలబడ్డాం.

నెల తర్వాత ఆమెను సంతలో కలిశాను. అప్పటికి వంట పని ఇంకో గ్రూపుకు మారింది. అడగకుండానే చెప్పింది.

‘పొద్దుగాల పప్పు కడుగుతుంటెనే నాకు వాసనొచ్చింది సారూ. సంచి అడుగున తడిసినట్టుండె. ఇంట్లనైతే పారబోద్దును. నూటిరవై మందికి మల్ల పప్పు యాడికెల్లి తేవాలె? షావుకారుకు నాలుగు నెలల బాకీ ఉన్నది. జెప్పాల్ననుకున్న. మేమెప్పుడన్న హెచ్‌ఎం సారు రూముల కాలు పెట్టినోళ్ళమా? జెప్తే, నీకు చాతగాకుంటే ఇంకోల్లకిస్త అంటరు.’

మధ్యాహ్న భోజనం సంగతి తెలియని వాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. బియ్యం సర్కారు ఇస్తుంది. 2015 నుంచి సన్న బియ్యమే ఇస్తున్నారు. పప్పు, నూనె, కూరగాయలు మాత్రం వండే ఆడవాళ్ళే ముందు అరువు తెచ్చి పెట్టాలి. బిల్లు వచ్చినప్పుడు వస్తుంది. అప్పట్లో వాళ్ళ గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు మూడు వేలు చేశారు. అలాంటి మనిషి పప్పు పారబోయాలంటే చేతిలో డబ్బు ఉండాలి, లేదంటే వెనక నిలబడే మనిషి ఉండాలి. ఆమెకు రెండూ లేవు. ఆమె తప్పు లేదని నేను అనడం లేదు. పొద్దున పదింటికి ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోయిన ఆ ఒక్క మాట హెచ్‌ఎం చెవిన పడి ఉంటే, మధ్యాహ్నం సర్క్యులర్ అవసరమే ఉండేది కాదు అంటున్నాను.

ఇది ఒక్క మా ఊరి కథ కాదు. 2013 జులై 16న బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఆ పేరు చెబితే పత్తి వేసే నల్లగొండ రైతుకు వేరే వివరణ అక్కర్లేదు. నూనె తేడాగా ఉందని వంట చేసే ఆమె చెప్పిందని, అయినా అదే నూనెతో వండమని ప్రధానోపాధ్యాయురాలు అన్నారని అప్పటి వార్తల్లో వచ్చింది. 2016లో కోర్టు ఆ ప్రధానోపాధ్యాయురాలికి జైలు శిక్ష వేసింది. 2015లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, పిల్లలకు వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు రుచి చూడాలి, వాళ్ళలో కనీసం ఒకరు టీచర్ అయి ఉండాలి. మంచి నియమమే. కానీ నాలుక కన్నా ముందు ముక్కు, ముక్కు కన్నా ముందు సంచి ముట్టిన చెయ్యి కనిపెడతాయి. ఆ చెయ్యి ఎవరిదో ఆ మనిషి మాట వినమని ఏ మెమోలోనూ రాయరు.

2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరులో వారం తిరక్కముందే రెండుసార్లు పిల్లలు అస్వస్థులై, విషయం హైకోర్టు దాకా వెళ్ళినప్పుడు మా స్టాఫ్‌రూములో రెండు రోజులు ఆ ముచ్చటే నడిచింది. ఎవరిని సస్పెండ్ చేశారు, ఎన్ని రోజులకు వెనక్కి తీసుకుంటారు, ఇదే చర్చ. అక్కడ వంటగదిలో ఆ పొద్దున ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో తెలుసుకోవాలని మాలో ఒక్కరం కూడా అనలేదు. ఆపద అనగానే మనకు గుర్తొచ్చేది శిక్ష. శిక్ష గుర్తొచ్చిన మనిషి నోరు మూసుకుంటాడు, పక్కవాడి నోరు కూడా మూయిస్తాడు. మా పాత హెచ్‌ఎం సారు చెడ్డ మనిషి కాదు. ఫీజు కట్టలేని పిల్లలకు సొంత జేబులోంచి పరీక్ష ఫీజు కట్టిన మనిషి. ఆ రోజు ఆయన్ని గదిలోకి నెట్టి తలుపు వేసింది భయమే.

2018 బదిలీల్లో నేను మిర్యాలగూడ వైపు ఒక బడికి వచ్చాను. అక్కడ హెచ్‌ఎం ఒక మేడం. మాట తక్కువ, గొంతు చిన్నది. మామూలు రోజుల్లో ఆమెలో పెద్ద ప్రత్యేకత ఏమీ కనిపించలేదు. 2020 మార్చి వచ్చాక తెలిసింది.

కరోనా భయంతో బడులు మూసేసినా పదో తరగతి పరీక్షలు 19న మొదలయ్యాయి. మేడం మా సెంటరుకు చీఫ్ సూపరింటెండెంట్, నేను ఇన్విజిలేటర్‌ని. 20వ తేదీ శుక్రవారం హైకోర్టు పరీక్షలు వాయిదా వేయమందని టీవీల్లో వచ్చింది. అందులో మెలిక ఏమిటంటే, శనివారం పరీక్ష ఉంటుంది, సోమవారం నుంచి ఉండదు. ఆ సాయంత్రం ఫోన్లు ఆగలేదు. ఒక వాట్సాప్ గ్రూపులో రేపు పరీక్ష లేదు అని, ఇంకో గ్రూపులో ఉంది అని, మూడో దాంట్లో ఎవరో పాత ఆర్డరు పెట్టి ఇదే కొత్తది అని. ఏడున్నరకు మేడం మెసేజ్ వచ్చింది. ఇప్పటికీ నా ఫోన్లో దాచుకున్నాను.

‘రేపటి పరీక్ష ఉంది. ఇది ఖాయం. సోమవారం నుంచి వాయిదా అని టీవీలో చెప్తున్నారు. మనకు ఆర్డరు ఇంకా రాలేదు, వచ్చేదాకా నాకూ తెలియదు. తొమ్మిదిన్నరకు మళ్ళీ రాస్తాను, ఆర్డరు వచ్చినా రాకపోయినా.’

తొమ్మిదిన్నరకు సరిగ్గా ఇంకో మెసేజ్ వచ్చింది: ‘ఆర్డరు రాలేదు. పడుకోండి. పొద్దున ఏడున్నరకు సెంటర్లో కలుద్దాం. చేతులు కడుక్కోవడానికి సబ్బులు నేను తెస్తున్నాను.’

ఆ రెండో మెసేజ్‌లో కొత్త కబురు ఏమీ లేదు. అయినా ఆ రాత్రి మా ఇన్విజిలేటర్లందరం నిద్రపోయింది దాని వల్లే. చెప్పిన టైముకు చెప్పిన మనిషి మాట్లాడింది, అంతే. ఏమీ తెలియదు అని చెప్పడానికి కూడా ఒక టైము పెట్టుకుని, ఆ టైముకు వచ్చి చెప్పడం ఎంత పెద్ద పనో నాకు ఆ రాత్రి అర్థమైంది. చాలామంది హెచ్‌ఎంలు పూర్తి సమాచారం చేతికొచ్చాకే మాట్లాడదామని ఆగుతారు. పూర్తి సమాచారం ఏ ఆపదలోనూ మొదటి రోజు రాదు. వాళ్ళు ఆగిన ఆ ఖాళీలోకి టీవీ వస్తుంది, పుకారు వస్తుంది, పక్క మండలం స్నేహితుడి వాయిస్ మెసేజ్ వస్తుంది.

తర్వాత రెండున్నర నెలలు పరీక్షలు ఉంటాయో లేదో ఎవరికీ తెలియదు. జూన్ 8న రద్దు చేసి, ఐదు లక్షల పైచిలుకు పిల్లలను పాస్ చేస్తున్నట్టు ప్రకటించారు. ఆ మధ్యకాలంలో మేడం ప్రతి ఆదివారం సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసేది. స్వీపరమ్మకు కూడా. పని గురించి రెండు మాటలు, ఇంట్లో వాళ్ళ గురించి నాలుగు మాటలు. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ శాట్‌లో పాఠాలు మొదలయ్యాక టీవీ లేని పిల్లల లెక్క అడిగినప్పుడు మా దగ్గర మాత్రం ఆ లెక్క సిద్ధంగా ఉంది. స్వీపరమ్మే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఎందుకంటే ఆమెను కూడా ఒకరు అడుగుతున్నారు, ఆమె మాట కూడా లెక్కలోకి వస్తోంది.

2021 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్ ఉపఎన్నిక డ్యూటీ చేసొచ్చాక మా స్టాఫ్‌లో ముగ్గురికి జ్వరాలు వచ్చాయి. నేనూ అందులో ఒకణ్ణి. పాజిటివ్ అని తెలిసిన రోజు మేడం ఫోన్ చేసి మొదట అడిగిన మాట, ‘మీ సంగతి గ్రూపులో చెప్పమంటారా, వద్దా?’ చెప్పమన్నాను. నేను ఏ మాటలతో చెప్పమన్నానో ఆ మాటలతోనే పెట్టింది. నా జబ్బు కబురు మీద హక్కు నాదే అని ఆమె అనుకుంది. ఇప్పటికీ ఎంతోమంది అధికారులకు ఆ ఆలోచనే రాదు.

2020లో బడులు మూసేసిన ఆ కాలంలోనే మా తమ్ముడు నల్లగొండలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేవాడు. పేరు రాయను, అలాంటివి జిల్లాలో ఎన్నో ఉన్నాయి. మార్చి జీతం సగం వేశారు. ఆ తర్వాత ఏమీ లేదు. స్టాఫ్ గ్రూపులో స్కూలు నడిపే కరస్పాండెంట్ తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగ్ మార్చారు. ఏప్రిల్, మే, జూన్. ఉద్యోగం ఉందా లేదా అడుగుదామంటే ఫోన్ ఎత్తరు. ఆన్‌లైన్ క్లాసులు మొదలైన రోజు మా తమ్ముడిని గ్రూపులోంచి తీసేశారు. తొమ్మిదేళ్ళ నౌకరీ పోయిందన్న కబురు అట్లా వచ్చింది. ఆ ఎండాకాలం వాడు ఉపాధి హామీ పనికి పోయాడు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించినప్పుడు వాడు నాతో అన్న మాట మరిచిపోలేను. ‘పైసలు లెవ్వని నాకు తెల్వదా అన్నా. తీసేస్తున్నం అని మనిషి మొకం జూసి చెప్తే వేరే పని జూసుకుందును. ఆర్నెల్లు ఆ ఫోన్ దిక్కు జూసుకుంట కూసున్న.’ మేడంకు ఫోన్ ఖర్చు ఎంత అయ్యిందో ఆ కరస్పాండెంట్‌కూ అంతే అయ్యేది.

మా మిత్రుడొకరు కోదాడ వైపు పనిచేస్తాడు. 2024 ఆగస్టు 31 రాత్రి మొదలై సెప్టెంబరు 1 ఆదివారం దాకా కురిసిన వానకు కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు ఎట్లా మునిగాయో తెలిసిందే. సాగర్ ఎడమ కాలువకు కూడా గండి పడింది. సోమవారానికి సెలవు ప్రకటించారో లేదో ఇంకా తేలకముందే వాళ్ళ హెచ్‌ఎం సారు వాయిస్ మెసేజ్ పెట్టారట: ‘సెలవు ఇచ్చిండ్రా లేదా నాకింకా తెల్వది. ఇచ్చినా ఇయ్యకున్నా వాగు దాటి ఎవ్వరూ రావొద్దు. రేపు ఎవరన్న అడిగితే ఆ నిర్ణయం నాదని చెప్పుండ్రి.’ ఆ చివరి వాక్యం కోసం ఏ టీచరైనా ఆ సారు దగ్గర పదేళ్ళు పనిచేస్తాడు.

ఈ మాటలు చెప్పినప్పుడల్లా తోటి హెచ్‌ఎంలు నన్ను అడిగేది ఒక్కటే. పైనుంచి ఆర్డరు లేకుండా నోరు విప్పితే మెమో వస్తుంది కదా, అప్పుడు నీ సిబ్బంది వచ్చి కాపాడతారా? ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఏదైనా జరిగితే విచారణ కన్నా ముందే సస్పెన్షన్ వచ్చిన సందర్భాలు మన కళ్ళ ముందు ఉన్నాయి. పైగా మన దగ్గర ఎంతోమంది ఇన్‌చార్జి బాధ్యతల్లోనే ఉన్నారు. హెచ్‌ఎం పనే పూర్తిగా తనది కాదు, దాని మీద మండల బాధ్యత కూడా. అలాంటి మనిషి ఆపద వేళ పై అధికారికి ఫోన్ చేయడాన్ని నేను తప్పు పట్టను. ఫోన్ చేసే ముందు రెండు నిమిషాలు అడుగుతున్నాను. ఆ రెండు నిమిషాల్లో చెప్పాల్సింది కూడా కొంచెమే: పిల్లలు పదకొండు మంది, 108కి చెప్పాం, కారణం తెలియదు, తల్లిదండ్రులు అడిగితే అందరం ఇదే చెబుదాం, పావుగంటలో నేను మళ్ళీ ఇక్కడికే వస్తాను. ఏ అధికారీ ఈ మాటలకు మెమో ఇవ్వలేడు. ఇచ్చినా ఆ మెమోకు సమాధానం రాయడానికి నేను సిద్ధం, నాతోపాటు సంతకం పెట్టే ఎనిమిది మంది ఉంటారు.

విలేకరులతో ఒక్కరే మాట్లాడాలి అన్న నియమం సరైనదే. ఆ ఒక్కరూ హెచ్‌ఎం కావడమూ సరైనదే. కానీ ‘బయటివాళ్ళతో మాట్లాడొద్దు’ అనే ఉత్తర్వు ‘లోపలివాళ్ళకు చెప్పొద్దు’గా మారిపోతోంది. నా తగాదా దానితోనే. పై అధికారులకు కూడా ఒక మాట చెప్పాలి. ఘటన జరిగిందని ఫోన్ రాగానే ‘మీడియాకు ఎవరు చెప్పారు’ అని మొదట అడిగితే, అవతల ఉన్న హెచ్‌ఎం ఆ రోజంతా ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతాడు. ‘పిల్లలు ఎట్లున్నారు, మీ స్టాఫ్ ఎట్లున్నారు’ అని అడిగితే వాళ్ళ దగ్గరికే పోతాడు.

అన్నీ అందరికీ చెప్పాలని కూడా కాదు. ఒక ఆడపిల్ల వచ్చి తన మీద జరిగిన అఘాయిత్యం చెప్పిందనుకోండి. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, చెప్పకపోవడం నేరం. అదే సమయంలో ఆ పిల్ల ఎవరో బయటపడకూడదు. అప్పుడు స్టాఫ్‌రూములో పేరు, తరగతి, ఊరు ఏవీ రాకూడదు. అయినా ‘ఒక విషయం నడుస్తోంది, చట్టం ప్రకారం చేయాల్సింది చేశాం, వివరాలు అడగకండి, పిల్లల్లో గుసగుసలు వినిపిస్తే ఆపండి’ అని చెప్పవచ్చు. చెప్పలేని సంగతి ఉందని చెప్పడం కూడా చెప్పడమే. ఏమీ లేనట్టు నటిస్తే టీచర్లు రెండో రోజుకే కనిపెడతారు, మూడో రోజు వాళ్ళే వెతకడం మొదలుపెడతారు. అప్పుడు ఆ పిల్లకే ముప్పు.

ఇంకోటి, భాష. ఆపద రోజున ఆఫీసు తెలుగు పనికిరాదు. ‘తక్షణమే’, ‘విధిగా’, ‘కఠిన చర్యలు తప్పవు’ లాంటి మాటలు కనబడగానే చదివేవాడి మనసు గడియ పెట్టుకుంటుంది. పైనుంచి వచ్చిన పీడీఎఫ్‌ను అలాగే గ్రూపులో పడేస్తే కింద పదిహేను ‘ఓకే సర్’లు వస్తాయి. ఎంతమంది తెరిచి చదివారో దేవుడికే తెలియాలి. ఇంట్లో వాళ్ళకు ఎట్లా చెప్తామో అట్లా చెప్పాలి, వీలైతే నిలబడి, ముఖాలు చూస్తూ.

ఇదంతా నేర్చుకున్నాననే ధీమాతోనే నేను ఇన్‌చార్జి హెచ్‌ఎం అయ్యాను. అయినా ఒక పొరపాటు చేశాను.

ఒక ఎండాకాలపు ఆదివారం మా ఎనిమిదో తరగతి పిల్లవాడు వ్యవసాయ బావిలో ఈతకు దిగి మునిగిపోయాడు. సాయంత్రం ఆరింటికి సర్పంచి ఫోన్ చేశాడు. నేను గ్రూపులో పెట్టలేదు. ముందు వాళ్ళ క్లాస్ టీచర్‌కు, తెలుగు మేడంకు ఫోన్ చేశాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘సార్, శనివారం నోట్‌బుక్ తేలేదని వాణ్ణి బయట నిలబెట్టిన’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ‘రేపు మీరు అటెండెన్స్ తీయొద్దు మేడం, ఆ క్లాసుకు నేను పోతా, మీరు నా పక్కన ఉంటే చాలు’ అన్నాను. రాత్రి ఎనిమిదింటికి మిగతా వాళ్ళకు ఒక్కొక్కరికీ చెప్పాను. సోమవారం పొద్దున ప్రార్థనకు అరగంట ముందు అందరినీ స్టాఫ్‌రూముకు రమ్మన్నాను. పిల్లలకు ఏ మాటలతో చెప్పాలో కూర్చుని అనుకున్నాం. దేవుడి దగ్గరికి పోయాడు అనొద్దు, చనిపోయాడు అనే చెబుదాం అని తేల్చుకున్నాం. ఏడ్చే పిల్లలను ఆపొద్దు, మనకు ఏడుపు వచ్చినా దాచుకోవద్దు అనుకున్నాం.

మేం లోపల అలా కూర్చుని ఉండగా బయట అటెండర్ గంట దగ్గర నిలబడ్డాడు. ఆయన రోజూ నల్లగొండ నుంచి బస్సులో వస్తాడు. ఆయన దగ్గర బటన్ల ఫోన్, గ్రూపులో లేడు. ఆదివారం రాత్రి నేను ఫోన్ చేసిన జాబితాలో కూడా లేడు. ఆ పిల్లవాడికి గంట కొట్టడమంటే ఇష్టం. రోజూ మొదటి గంట వాడితోనే కొట్టించేవాడు. ఆ పొద్దున కూడా సుత్తి పట్టుకుని గేటు వైపు చూస్తూ, ‘ఏడిరా వాడు, ఇయ్యాల ఇంకా రాలే?’ అని ఆరో తరగతి పిల్లలను అడిగాడట. వాళ్ళు చెప్పారు.

నేను బయటికొచ్చేసరికి ఆయన గంట కిందనే కూలబడి ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అలవాటైన మర్యాద అది. ‘సార్, నాకు చెప్పొద్దా?’ అన్నాడు.

ఏళ్ళ కింద వంటగదిలో గడియ పెట్టుకున్న అక్క ముఖం నాకు అప్పుడు గుర్తొచ్చింది. సర్క్యులర్ పుస్తకంలో ఆమె పేరు లేదు. నా ఫోన్ జాబితాలో ఈయన పేరు లేదు. సిబ్బంది అంటే హాజరు పట్టికలో టీచర్ల పేజీ అనే నేనూ అనుకున్నాను. ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆ రోజు గంట ఎవరూ కొట్టలేదు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వరసల్లో నిలబడ్డారు.

ఇప్పుడు నా బల్ల గ్లాసు కింద ఒక కాగితం ఉంది. అందులో పదిహేడు ఫోన్ నంబర్లు ఉన్నాయి. వంట చేసే ముగ్గురివి, అటెండర్‌ది, స్వీపరమ్మది, చౌకీదారుది పైన, టీచర్లవి కింద. పైవాళ్ళెవరూ గ్రూపులో ఉండరు కాబట్టి వాళ్ళకే మొదట ఫోన్ చేయాలి. రోజూ పొద్దున పదింటికి వంట చేసే వాళ్ళలో ఒకరు నా గదికి వస్తారు. కుర్చీలో కూర్చుంటారు. మొదట్లో నెల రోజులు కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడి ‘అంతా మంచిగనే ఉన్నది సారూ’ అని పోయేవాళ్ళు. కూర్చోవడానికి నెల, సరిగా మాట్లాడటానికి ఇంకో మూడు నెలలు పట్టింది. షావుకారు బాకీ ఎంతుందో ఇప్పుడు నాకు తెలుసు. బిల్లు ఎక్కడ ఆగిందో వాళ్ళకు తెలుసు.

పోయిన మంగళవారం పెద్దక్క వచ్చి కూర్చోలేదు. చేతిలో నూనె ప్యాకెట్ ఉంది.

‘ఇది వద్దు సారూ. వాసన జూడుండ్రి.’

వాసన చూశాను. నాకేమీ తేడా తెలియలేదు. ఆ మాటే ఆమెకు చెప్పాను.

‘మీకు తెల్వది. నాకు తెలుస్తది.’

మొత్తం పెట్టె పక్కన పెట్టించాం. కొత్త నూనెకు అటెండర్‌ను దుకాణానికి పంపి, ఆ డబ్బులు బడి ఖాతాలో రాశాను. వరండాలో నిలబడి టీచర్లకు చెప్పాను, వాళ్ళు క్లాసుల్లో పిల్లలకు చెప్పారు. ఆ రోజు అన్నం నలభై నిమిషాలు ఆలస్యమైంది. పదో తరగతి పిల్లవాడు ఒకడు వంటగది కిటికీలోంచి తొంగి చూసి, ‘అవ్వా, నూనె వచ్చిందా?’ అని అడుగుతుంటే నా గదిలోకి వినిపించింది.